షీ-బాక్స్ పోర్టల్ రివ్యూ: వరంగల్ షాపుల్లో, ఆస్పత్రుల్లో పనిచేసే ఆడవాళ్లకు ఎంత పనికొస్తుంది?

పనిచోట లైంగిక వేధింపుల మీద ఫోన్ నుంచే ఫిర్యాదు పెట్టేందుకు కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ నడిపే వెబ్‌సైట్ షీ-బాక్స్. 2017లో మొదలై, 2024 ఆగస్టులో కొత్త రూపంలో వచ్చింది. ప్రైవేటు ఉద్యోగులకూ ఉంది, ఖర్చు లేదు. ఐదుకు మూడున్నర ఇస్తాం.

ఫిర్యాదు వివరాలు దాన్ని విచారించే కమిటీ అధ్యక్షురాలికి తప్ప ఇంకెవరికీ కనబడకుండా ఏర్పాటు చేశారు. మేనేజరే సేటుకు బామ్మర్ది అయిన బట్టల షాపులో ఇది చిన్న విషయం కాదు. ఎప్పుడు పెట్టారో రికార్డు ఉంటుంది కాబట్టి "మాకు కాగితమే అందలేదు" అనే మాట చెల్లదు.

అయితే పోర్టల్ పోస్ట్‌మ్యాన్ లాంటిది, విచారణ చేసేది కమిటీయే. పదిమంది, అంతకంటే ఎక్కువ పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. అంతకంటే తక్కువున్నా, వేధించింది యజమానే అయినా జిల్లా స్థానిక కమిటీకి పోవాలి. మనవాళ్లకు చిక్కు ఇక్కడే. 2021లో పేర్లు మారాక హనుమకొండ జిల్లా వేరు, వరంగల్ జిల్లా వేరు. అడ్రసులో మాత్రం అందరం వరంగల్ అనే రాస్తాం. నక్కలగుట్ట క్లినిక్ హనుమకొండ కిందికి, ఎనుమాముల మార్కెట్, గీసుగొండ టెక్స్‌టైల్ పార్కు వరంగల్ కిందికి వస్తాయి. ఇల్లు ఎక్కడున్నా పనిచేసే చోటు జిల్లానే ఎంచుకోవాలి. తప్పితే అధికారం లేని కమిటీకి చేరి, గడువులో రోజులు కరిగిపోతాయి. ఆ గడువు చివరి సంఘటన నుంచి 3 నెలలే. సరైన కారణముంటే కమిటీ ఇంకో 3 నెలలు ఇవ్వగలదు.

"చెడుగా ప్రవర్తించాడు" అని ఒక్క ముక్క రాస్తే కేసు నిలవదు. తేదీ, వేళ, గోదామా ట్రయల్ రూమా, అతనన్న మాటలు అన్నవి అన్నట్టే, దగ్గరున్నవాళ్ల పేర్లు రాయాలి. వాట్సాప్ స్క్రీన్‌షాట్‌లో నంబరు, తేదీ కనబడాలి, ఫోన్లో అసలు మెసేజ్ చెరపకూడదు. సీసీ కెమెరా రికార్డింగ్ మీద కొత్తది ఎక్కి పాతది పోతుంది. దాన్ని భద్రపరచమని మొదటి ఫిర్యాదులోనే అడగండి. అతన్నో మిమ్మల్నో వేరే చోటికి మార్చడం, 3 నెలల దాకా సెలవు కూడా రాతపూర్వకంగా అడిగితేనే కమిటీ సిఫారసు చేస్తుంది. చాలామంది వదిలేసేది ఇదే.

ఫిర్యాదు అందాక 7 పనిదినాల్లో అతనికి దాని కాపీ, 10 పనిదినాల్లో అతని జవాబు, 90 రోజుల్లో విచారణ పూర్తి. రాజీ ఫిర్యాదు పెట్టినామె కోరితేనే. డబ్బులిచ్చి ముగించే రాజీని పనిచోట లైంగిక వేధింపుల నిరోధక చట్టం ఒప్పుకోదు. ట్రైనీలకు, కాంట్రాక్టు వాళ్లకు కూడా ఇదే చట్టం.

మార్కులు తగ్గింది అవతలి కొస వల్ల. షాపువాళ్లు కమిటీని కాగితం మీదే పెట్టి, కమిటీలో ఉండాల్సిన బయటి సభ్యుడిగా సేటు వకీలునే కూర్చోబెడితే ఏ పోర్టలూ ఏం చేయలేదు. అసలు కమిటీయే వేయకపోతే 50,000 రూపాయల దాకా జరిమానా ఉంది. మీద చేయి వేస్తే పోర్టల్ కోసం చూడొద్దు, 112కు ఫోన్ చేయండి, లేదా ఆడవాళ్ల రక్షణకున్న పోలీసు బృందం షీ టీమ్‌కు చెప్పండి. పోలీసు కేసు పెట్టినా కమిటీ విచారణ ఆగదు.

రాయడం రానివాళ్లకు రాసిపెట్టే బాధ్యత కమిటీదే. ఆన్‌లైన్‌లో కుదరకపోతే సాక్ష్యాలతో, సాక్షుల పేర్లు, అడ్రసులతో 6 కాపీలు నేరుగా ఇవ్వొచ్చు. ఏడోది కూడా తీసుకెళ్లి, దానిమీద స్టాంపు వేయించుకుని దగ్గర పెట్టుకోండి.