లింక్డిన్ మెసేజా, మీటప్పా, మన ఊరి అన్నా: ఏది మేలు?

బెంగళూరు మారతహళ్ళి పీజీల్లో ఫైనలియర్ పిల్లలు ఎవరిని కదిపినా "ఇండస్ట్రీలో మనకి తెలిసినవాళ్ళు లేరు" అనే అంటారు. నేను మూడు దారులూ తొక్కి చూశాను. నా ఓటు మీటప్‌కే, అంటే ఒకే రంగంవాళ్ళు ఓ చోట కలిసి మాట్లాడుకునే సభకే.

లింక్డిన్‌కి ఖర్చు లేదు, మొహం చూపించక్కర్లేదు. అందుకే అందరూ అక్కడే పడతారు. నేనూ ఓ రాత్రి కూర్చుని నలభై మందికి ఒకే మెసేజ్ అతికించాను. "నేను రాజేష్‌ని కాదు బాబూ" అని ఒకాయన జవాబిచ్చారు. వచ్చిన జవాబు అదొక్కటే.

ఊరి అన్న సంగతి వేరు. "అన్నా, నేను ఫలానావాళ్ళ అబ్బాయిని" అంటే చాలు. పీజీ చూసిపెడతాడు, ఆంధ్రా మెస్‌లో తినిపిస్తాడు, తన కంపెనీలో మన పేరు సిఫార్సు చేసి రెఫరల్ కూడా వేస్తాడు. (చేర్పిస్తే బోనస్ ఇచ్చే కంపెనీలు బోలెడు, కాబట్టి అడగడానికి మరీ సిగ్గుపడకండి.) చిక్కల్లా మొహమాటంతోనే. రెజ్యూమే చూపిస్తే "బాగానే ఉందిరా" అంటాడు. బాగాలేదంటే మా అమ్మ వెళ్ళి వాళ్ళమ్మతో ఏమంటుందోనని అతని భయం.

మీటప్‌లో ఆ భయం లేదు. పైథాన్ ప్రోగ్రామర్ల సదస్సు పైకాన్ ఇండియా 2009లో మొదలైంది ఈ ఊళ్ళోనే. చిన్న మీటప్‌లకైతే లెక్కే లేదు, చాలావాటికి టికెట్టూ ఉండదు. ఓ శనివారం 500డి బస్సెక్కి ఔటర్ రింగ్ రోడ్డు మీదున్న ఓ ఆఫీసుకి వెళ్ళాను. అక్కడ ప్రసంగించినావిడ టీ టైములో ఒంటరిగా నిలబడి ఉంటే నా రెజ్యూమే చేతికిచ్చాను. ఫొటో చూసి ఆకు తెగులు చెప్పే ప్రాజెక్టులో "95 శాతం" కరెక్టు అన్నచోట పెన్నుతో సున్నా చుట్టి, "ట్రెయినింగ్‌లో వాడిన ఫొటోలు టెస్టులో లేవని చూసుకున్నావా?" అన్నారు. నీళ్ళు నమిలాను.

పీజీకొచ్చి వెతికితే ఒకే ఆకు ఫొటోలు రెండుచోట్లా ఉన్నాయి. అవి తీసేశాక 78కి దిగింది. రెండు వారాల తర్వాత ఆ సంగతే లింక్డిన్‌లో ఆవిడకి నాలుగు లైన్లు రాశాను. ఉద్యోగం ఊసెత్తలేదు. ఉచిత ఖాతాలో రిక్వెస్టుతో పంపే నోటు చిన్నది, "రెస్పెక్టెడ్ మేడమ్" అని మొదలెడితే అసలు విషయానికి చోటు మిగలదు. అందుకే సున్నా చుట్టిన సంగతితోనే మొదలెట్టాను. పది నిమిషాల్లో జవాబు: "78 నమ్ముతాను. ఇప్పుడు ఏ ఆకుల దగ్గర తప్పుతోందో చూడు."

ఆ వారమంతా టమాటా ఆకులతోనే సరిపోయింది.