టీనేజీ పిల్లలకు తాళం మేలా, మాట మేలా?

తెరమీది లైంగిక దృశ్యాల నుంచి టీనేజీ పిల్లలను కాపాడుకోవడానికి తల్లిదండ్రులు ముందుగా తలచేది అడ్డుకట్ట. 2021 నాటి ఐటీ నిబంధనల ప్రకారం యూ/ఏ 13+ (పదమూడేళ్లు దాటినవారికి తగినవి), ఆపై వర్గాల కార్యక్రమాలకు ఓటీటీ సంస్థలు పేరెంటల్ లాక్, అంటే తల్లిదండ్రులు వేసుకోగల తాళం ఇవ్వాలి. చిన్నపిల్లలున్న ఇంట్లో దాన్ని తప్పనిసరిగా వాడాలి. కానీ పదిహేనేళ్ల పిల్లవాడికి ఇంట్లో లాక్ పడితే స్నేహితుడి ఫోన్ ఉంటుంది. 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు ఆదేశం తర్వాత కేంద్రం 827 అశ్లీల సైట్లను నిలిపివేయించినా, వాటిలో కొన్ని వేరే చిరునామాలతో మళ్లీ వచ్చాయి.

నన్ను ఇంతకన్నా కలవరపెట్టేది వేరే ఉంది. వద్దన్న అమ్మాయి వెంట కథానాయకుడు పాట పొడవునా పడి, చివరికి ఆమె చేత ప్రేమిస్తున్నానని అనిపించుకునే సినిమాను ఇంటిల్లిపాదీ కూర్చుని చూస్తాం. అందులో లాక్‌కు చిక్కేది ఏమీ ఉండదు. అదే ముద్దు సన్నివేశం వస్తే నాన్న రిమోట్ కోసం తడుముకుంటాడు, అమ్మ వంటింట్లోకి వెళ్తుంది. ఆ రెండు నిమిషాల్లో ఈ సంగతి ఇంట్లో అడగకూడనిదని పిల్లలకు అర్థమైపోతుంది.

అమెరికాలో ర్యాండ్ అనే పరిశోధన సంస్థ 2004లో ప్రచురించిన అధ్యయనంలో, టీవీలో లైంగిక విషయాలు ఎక్కువగా చూసిన 12–17 ఏళ్ల పిల్లలు తర్వాతి ఏడాదిలో లైంగిక సంబంధం మొదలుపెట్టే అవకాశం ఎక్కువగా కనిపించింది. దానికి కారణం టీవీయేనా అన్నదానిపై పరిశోధకుల మధ్య భేదాభిప్రాయాలున్నాయి. అయితే అదే సంస్థ అంతకు ముందు, కండోమ్ విఫలమైన కథ ఉన్న ఒక హాస్య ధారావాహిక ఎపిసోడ్‌పై చేసిన పరిశీలనలో, పెద్దలతో కలిసి చూసిన లేదా దాని గురించి వారితో మాట్లాడిన పిల్లలకు కండోమ్ ఎంతవరకు పనిచేస్తుందన్న సమాచారం మిగతావారికన్నా బాగా గుర్తుంది.

కాబట్టి పదమూడు దాటిన పిల్లల విషయంలో నా మొగ్గు స్పష్టంగా మాటవైపే. పెద్దలకు మాత్రమే అన్నవాటికి లాక్ ఉంచుకోవచ్చు. పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు. “వాడలా వెంటపడుతుంటే ఆ అమ్మాయికి ఎలా ఉంటుందంటావురా?” అని ఒక్క ప్రశ్న వేసి, జవాబు వినే ఓపిక ఉంటే చాలు. తోటి విద్యార్థిని నగ్నచిత్రం గ్రూపులో వస్తే దాన్ని ఇతరులకు పంపడం నేరమని, పద్దెనిమిదేళ్ల లోపు వారి అలాంటి చిత్రాలను ఫోన్‌లో ఉంచుకున్నా పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం వర్తించవచ్చని కూడా మనమే చెప్పాలి. 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఈ చట్టాన్ని వివరిస్తూ ఇచ్చిన తీర్పులోనే సమగ్ర లైంగిక విద్య అవసరాన్నీ ప్రస్తావించింది.