గిటార్‌కి కిల్ స్విచ్: ఐడియాకి ఫుల్ మార్కులు, బటన్‌కి పాస్ మార్కులు కూడా డౌటే

పెట్టించిన కొత్తలో కనపడ్డ ప్రతి గిటారిస్ట్‌కీ "నువ్వూ పెట్టించేస్కో బ్రో, లైఫ్ మారిపోద్ది" అని చెప్పుకుంటూ తిరిగాను. ఇప్పుడు ఎవరన్నా అడిగితే ముందు "ఏ బటన్ కొంటున్నావ్?" అని అడుగుతున్నా. వాడి వాడి చివరికి తేలింది ఏంటంటే ఇందులో స్విచ్ వైరింగ్ గొప్పా కాదు, గిటార్ గొప్పా కాదు, మొత్తం కథంతా ఆ బొటనవేలి గోరంత బటన్ లోపల స్ప్రింగ్ మీద ఉంది. ఆ స్ప్రింగ్ మీద నాకు పగ ఇంకా చల్లారలేదు, అది కూడా ఈ రివ్యూలో తీర్చుకుంటా. తెలియనోళ్ళకి ఒక్క ముక్కలో, కిల్ స్విచ్ అంటే నొక్కినంతసేపు గిటార్ సౌండ్‌ని ఆపేసే బటన్, అంతకుమించి సోది వదిలేస్తున్నా.

నాది స్ట్రాట్ (ఫెండర్ స్ట్రాటోక్యాస్టర్) కాపీ, మూడు సింగిల్ కాయిల్ పికప్‌లు (తీగల మోతని సిగ్నల్‌గా మార్చేవి), ఒకటే వాల్యూమ్ నాబ్. లెస్ పాల్ (గిబ్సన్ వాళ్ళ మోడల్) టైప్ గిటార్ ఉన్నోళ్ళకి అసలీ గొడవే లేదు, రెండు పికప్‌లకి రెండు వాల్యూమ్‌లు ఉంటాయిగా, ఒకదాన్ని సున్నాకి తిప్పేసి పికప్ మార్చే టోగుల్ స్విచ్‌ని అటూ ఇటూ కొడితే అయిపోద్ది, రేజ్ అగైన్స్ట్ ది మెషిన్ గిటారిస్ట్ టామ్ మొరెల్లో చేసేది అదేగా, డ్రిల్ అక్కర్లా సోల్డరింగ్ అక్కర్లా. స్ట్రాట్ దగ్గర ఆ పప్పులుడకవు. గిటారిస్ట్ బకెట్‌హెడ్ లాగా బటన్ పెట్టుకోవటమే గతి. ఆయన లెస్ పాల్ మీద ఉండే ఎర్రటి ఆర్కేడ్ బటన్ (వీడియో గేమ్ మెషీన్లకి ఉండేది) చూసి మోజు పడి నేను కూడా అదే పెడదామనుకున్నా గానీ, అది చిన్న సైజే 24 మిల్లీమీటర్లు, పిక్‌గార్డ్‌కి (గిటార్ ముందు ఉండే ప్లాస్టిక్ పలకకి) అంత బొక్క కొట్టాలంటే మనసొప్పలా. అందుకని అన్నిటికన్నా కింద ఉండే టోన్ నాబ్ పీకేసి ఆ బొక్కనే కాస్త పెంచి 12 మిల్లీమీటర్ల పుష్ బటన్ పెట్టించా. ఆ నాబ్ నేను ఎప్పుడూ ముట్టుకున్న పాపాన పోలా, మీరు కూడా ముట్టుకుని ఉండరు.

పని చేసింది సత్యనారాయణపురంలో మా ఇంటి దగ్గర టీవీలు బాగుచేసే బాబాయ్. గిటార్ ఎప్పుడూ విప్పలేదంట గానీ చెయ్యి మాత్రం భలే నిలకడ. విషయం చెప్పగానే కళ్ళజోడు పైకి నెట్టుకుని "బాగా మోగేదాన్ని తీసుకొచ్చి నోరు మూయించే బటన్ పెట్టమంటావేంట్రా అబ్బాయ్" అన్నాడు. ముందు ఆయన హాట్ వైర్ (సిగ్నల్ వెళ్ళే వైరు) కట్ చేసి మధ్యలో బటన్ పెట్టబోయాడు, ఇంట్లో లైట్ స్విచ్ పెట్టినట్టు. అలా చేస్తే నొక్కినప్పుడల్లా కేబుల్ చివర గాల్లో ఉన్నట్టే, ఆంప్ గుర్రుమంటది, టప్ మని కొడతది. కట్ చెయ్యకూడదు, నొక్కినప్పుడు హాట్‌ని తీసుకెళ్ళి ఎర్త్‌కి కలపాలి, అందుకే నార్మల్లీ ఓపెన్ (నొక్కినప్పుడే కలిసే) బటన్ కావాలి అని చెప్తే టక్కున పట్టేశాడు. వాల్యూమ్ పాట్ (నాబ్ కింద ఉండే భాగం) మధ్య కాలికి ఒక వైరు, పాట్ వీపు మీద ఒక వైరు, అంతే. పాట్ వీపు మీద మాత్రం 25 వాట్ల ఐరన్‌తో టంకం ఎంతకీ పట్టలా, ఎమరీ పేపర్‌తో గీకి, ఆయన దగ్గరున్న పెద్ద ఐరన్ పెడితే గానీ అంటుకోలా. సొంతంగా చేసుకునేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి, చిన్న ఐరన్ పెట్టి అదే పనిగా రుద్దుతూ కూర్చుంటే పాట్ లోపల ట్రాక్ కాలిపోద్ది.

టోన్ తగ్గిద్దా అని అందరూ అడిగేదే. తగ్గదు. నొక్కనప్పుడు ఆ బటన్ సర్క్యూట్‌లో లేనట్టే, దానికన్నా మీ కేబుల్ తినేసే ట్రెబుల్ ఎక్కువ.

ఇంక ఆనందం సంగతి. నేను పెట్టించుకుంది టకటకటక అని ముక్కలు ముక్కలుగా కోసే ఆ స్టట్టర్ కోసం. అది వచ్చింది, బానే ఉంది, నాలుగు రోజులు ఇంట్లోవాళ్ళ ప్రాణం తీశా. కానీ నేను అసలు ఊహించంది డిలే పెడల్‌తో (వాయించింది కాస్త ఆగి మళ్ళీ వినిపించేది) బయటపడింది. బటన్ ఉండేది గిటార్‌లో, డిలే ఉండేది దాని తర్వాత, కాబట్టి నొక్కితే ఆగేది కొత్త సౌండ్ మాత్రమే, అప్పటికే డిలేలోకి వెళ్ళిపోయిన సౌండ్ తన పాటికి తను మోగుతానే ఉంటది. నిమిషానికి 120 బీట్ల టెంపోలో డిలే 375 మిల్లీసెకన్లకి పెట్టుకుని, ఒక కార్డ్ గట్టిగా కొట్టి, బీట్ మీద బటన్ నొక్కి వదులుతుంటే ఆ సందుల్లోకి పాత సౌండ్ వచ్చి కూర్చుంటది, రెండు గిటార్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటున్నట్టు ఉంటది. వాల్యూమ్ నాబ్‌తో ఇది రాదు, అంచు అంత పదునుగా తెగదు. మా కీబోర్డ్ అన్న మొదటిసారి విని "నీ సీక్వెన్సర్ ఎక్కడుందిరా" అని నా కాళ్ళ దగ్గర వెతికాడు. ఈ ఒక్క పనికోసం ఇప్పటికీ నేను దాన్ని పీకించలేదు.

ఒక చిన్న చిరాకు ఉంది, ట్రెమొలో ఆర్మ్ (శ్రుతిని ఊపే కడ్డీ) వాడేవాళ్ళకి. ఆర్మ్ వదిలేస్తే సరిగ్గా ఆ కింద నాబ్ మీదకే వచ్చి ఆగిద్ది, బటన్ కోసం వేలు పెడితే కడ్డీ తగిలిద్ది. నేనైతే ఆర్మ్ తీసి కేస్‌లో పడేశా. ఇంకోటి, కుడిచెయ్యి బటన్ మీద ఉంటే పిక్ కొట్టటం కుదరదు, ఎడమచేతి హామర్లతోనే (వేళ్ళతో తీగని గట్టిగా కొట్టి) నోట్ బతికించాలి, కాబట్టి గెయిన్ (డిస్టార్షన్) లేకుండా క్లీన్‌లో పెద్దగా ఉపయోగం ఉండదు.

ఇప్పుడు అసలు పంచాయితీ. పోరంకి వైపు ఒక రిసెప్షన్, ఓపెన్ లాన్, రోళ్ళు పగిలే రోహిణి కార్తె. రాత్రి తొమ్మిదైనా గాలి లేదు, స్టేజి మీద లైట్ల వేడి, పైగా మాకందరికీ మెరుపుల సిల్కు చొక్కాలు. మోచేతి నుంచి కారిన చెమట మణికట్టు మీదుగా బొట్లు బొట్లుగా పిక్‌గార్డ్ మీద పడతా ఉంది, బొట్టు జారితే ముందు తగిలేది కింద ఉన్న బటనే. సెట్ మధ్యలో ఫాస్ట్ బీట్ పాట, సింగర్ ఊపిరి తీసుకునే గ్యాప్‌లో నా స్టట్టర్ బిట్, నొక్కా వదిలా నొక్కా వదిలా, ఆఖరిసారి వదిలాక సౌండ్ రాలా. ఎంత కొట్టినా లేదు. డ్రమ్స్, కీబోర్డ్, సింగర్ అందరూ వెళ్ళిపోతున్నారు, నేను మూగ సినిమాలో లాగా చేతులు ఆడిస్తున్నా.

సౌండ్ ఆపరేటర్ దూరం నుంచే "కేబుల్ మార్చు తమ్ముడూ" అని సైగ. మార్చా. లేదు. పెడల్ బోర్డ్ మొత్తం తీసేసి డైరెక్ట్‌గా ఆంప్‌కి పెట్టా. లేదు. అప్పుడు వెలిగింది, కేబుల్ పోయినా జాక్ ఊడినా ఏదో ఒక గుర్రు ఉంటది, కిర్రుకిర్రు ఉంటది, సింగిల్ కాయిల్‌కైతే మామూలుగానే ఆ లైట్ల కింద జుయ్ మని హమ్ ఉండాల్సిందే. ఇక్కడ ఆ హమ్ కూడా లేదు. ఆంప్ సొంత ఉస్సు తప్ప పరమ ప్రశాంతం. అంటే తెగిపోలేదు, షార్ట్ అయింది. కిందకి చూస్తే బటన్ మూత పిక్‌గార్డ్‌తో సమానంగా లోపలికి కూర్చుని ఉంది, పైకి రావట్లా. పిక్ అంచు దాని పక్కన దూర్చి లేపితే టక్ మని పైకొచ్చి, వాల్యూమ్ ఫుల్‌లో ఉంది కాబట్టి దబ్ మని సౌండ్, ముందు వరసలో ఉన్న పెళ్ళికొడుకు మేనత్త ఉలిక్కిపడింది. ఇంక ఆ రాత్రి బటన్ మీద చెయ్యి వెయ్యలా. వెయ్యకపోయినా రెండు పాటల తర్వాత మణికట్టు ఆనుకుని మళ్ళీ కూరుకుపోయింది, మళ్ళీ పిక్‌తో లేపుడు. పేమెంట్ ఇచ్చేటప్పుడు పార్టీవాళ్ళు గిటార్ గురించి ఏమీ అన్లేదు, అదొక్కటే అదృష్టం. మా కీబోర్డ్ అన్న మాత్రం ఇంటికొచ్చేదాకా వ్యాన్‌లో అంటానే ఉన్నాడు.

ఇంటికొచ్చి బటన్ విప్పి చూస్తే లోపల ప్లంజర్ చుట్టూ పాకంలో ముంచి తీసినట్టు జిగురు, చెమటా దుమ్మూ కలిసి. కాంటాక్ట్ రేకు మీద సన్నగా పచ్చటి చిలుం. స్ప్రింగ్ చూస్తే వెంట్రుకంత మందం, అది ఆ జిగురుని దాటి ప్లంజర్‌ని పైకి నెట్టాలంటే ఎక్కడ నెడతది. ఏలూరు రోడ్డు వైపు కొన్న ఆ బటన్ ఖరీదు ఒక స్ట్రాంగ్ టీ, ఒక సమోసా. తప్పు దానిది కూడా కాదేమో, అది కాలింగ్ బెల్‌లాంటి వాటికి చేసిన సరుకు, రోజుకి నాలుగు నొక్కుళ్ళు దాని బతుకు. 120 టెంపోలో పదహారో నోట్లు (బీట్‌కి నాలుగు) అంటే సెకనుకి ఎనిమిది నొక్కుళ్ళు, అదీ బెజవాడ చెమటలో.

కాంటాక్ట్ క్లీనర్ కొట్టి చూశా, కొన్నాళ్ళు పనిచేసి మళ్ళీ మొదటికే. తర్వాత రెండు మార్పులు చేయించా, మీరు పెట్టించుకునేటట్టయితే మొదటి రోజే ఇవి చేయించుకోండి. ఒకటి, లోపల రబ్బర్ రింగ్ ఉండే సీల్డ్ టైప్ బటన్. రెండోది ఇంకా ముఖ్యం, మిగిలిన టోన్ నాబ్ స్థానంలో పుష్-పుల్ పాట్ (లాగితే, నొక్కితే స్విచ్‌లా కూడా పనిచేసే నాబ్) పెట్టించి, బటన్‌కి వెళ్ళే హాట్ వైర్‌ని దాని స్విచ్ మీదుగా తిప్పించా. నాబ్ కిందకి ఉంటే బటన్‌కి కనెక్షనే ఉండదు, నొక్కినా ఇరుక్కున్నా గిటార్‌కి సంబంధం లేదు. నాకు కావాల్సిన పాటకి ముందు నాబ్ పైకి లాగుతా, పాట అవగానే దించేస్తా. బటన్ చచ్చిపోయినా షో చావదు. బాబాయ్ ఇది విని "అంటే నోరు మూయించేదాని నోరు మూయించే స్విచ్చా" అని నవ్వాడు గానీ పని నీట్‌గా చేసిచ్చాడు, పీవీసీ తొడుగులు కూడా వేసి.

కొత్త బటన్ ఇప్పటిదాకా ఇరుక్కోలా. కాకపోతే రబ్బర్ వల్ల గట్టిగా ఉంది, ముందున్న ఆ తేలిక లేదు, స్పీడ్ బిట్లకి వేలు నొప్పొస్తది, నిజం చెప్పాలంటే ఎనిమిది కాస్తా ఆరుకి దిగింది. గుంటూరులో ఒక ఫ్రెండ్ తన గిటార్‌కి పెద్ద బొక్క కొట్టించి ఆర్కేడ్ బటన్ పెట్టించాడు, అరండల్‌పేటలో వాళ్ళ రూమ్‌లో వాయించి చూశా, ఏం స్పర్శ అండీ అది, వేలు ఆనిస్తే చాలు. కుళ్ళు పుట్టింది. కానీ వాడు స్టేజి ఎక్కడు, ఏసీ రూమ్‌లో రికార్డింగే. మా లాన్లలో అది ఎన్నాళ్ళు నిలుస్తదో చూడాలి.

కొత్తలో నేను చెప్పిన ఇంకో మాట కూడా కొంచెం తగ్గించుకోవాలి. "నొక్కితే పిన్‌డ్రాప్ సైలెన్స్" అనేవాణ్ణి. గిటార్ వరకు నిజమే. కానీ తర్వాత డిస్టార్షన్ పెడల్ ఉంటే దాని ఉస్సు దానిదే, కంప్రెసర్ (తక్కువ సౌండ్‌ని పెంచే పెడల్) కూడా ఉంటే ఇంకా ఘోరం, సౌండ్ ఆగేసరికి అది ఆ ఉస్సుని పట్టుకుని పైకి లేపుద్ది. నాయిస్ గేట్ (సౌండ్ లేనప్పుడు ఉస్సుని మూసేసే పెడల్) ఉంటేనే ఆ పిన్‌డ్రాప్ మాట వర్తిస్తది.

వాడకం సంగతి కూడా ఉన్నదున్నట్టు చెప్తా. ఆర్కెస్ట్రా సెట్‌లో ఒక పాట, మహా అయితే రెండు. ఆదివారం చర్చిలో వాయించేటప్పుడు నాబ్ కిందే ఉంటది. ఒకసారి ఆరాధన పాట చివర డిలేతో మెల్లగా ట్రై చేశా, పాస్టర్ గారు మైక్ వంక చూశారు, తర్వాత స్పీకర్ వంక, తర్వాత నా వంక. అంతే, మళ్ళీ చెయ్యలా.

కాబట్టి నాలాగా కాపీ గిటార్ ఉండి, బొక్క పెరిగినా బాధ లేనివాళ్ళకి, డిలే పెడల్ ఆల్రెడీ ఉన్నవాళ్ళకి అయితే పెట్టించుకోండి అంటా. మంచి ఒరిజినల్ గిటార్ అయితే డ్రిల్ దాకా వెళ్ళకండి, అమ్మేటప్పుడు ఏడుస్తారు. రెండు వాల్యూమ్‌ల గిటార్ అయితే ముందు టోగుల్‌తో ఆడుకుని చూడండి, అక్కడే సరదా తీరిపోవచ్చు. నొక్కితే ఆగి మళ్ళీ నొక్కితే వచ్చే లాచింగ్ టైప్ బటన్ మాత్రం వద్దు, దాంతో స్టట్టర్ రాదు. పుష్-పుల్ పాట్ కొనేటప్పుడు సింగిల్ కాయిల్స్‌కి 250కె (కిలో ఓమ్‌లు) అడగండి, మీ పాత నాబ్ తీసి జేబులో వేసుకెళ్ళి షాపులోనే షాఫ్ట్‌కి పెట్టి చూసుకోండి, గంట్లు ఉన్న షాఫ్ట్ నాబ్ నున్నటి షాఫ్ట్‌కి పట్టదు, నేను కొన్నదానికి పట్టక ప్రస్తుతం నా టోన్ మీద పాత టేప్ రికార్డర్ నాబ్ ఒకటి కూర్చుని ఉంది.