టీవీ ముందు 38 ఏళ్లు, స్టాండులో రెండు రోజులు: ప్రపంచ కప్ చూడటంపై ఒక నెల్లూరు ప్రేక్షకుడి సమీక్ష

ప్రపంచ కప్ క్రికెట్‌ను నేను 1987 నుంచి టీవీలో చూస్తున్నాను. మైదానానికి వెళ్లి చూసింది మాత్రం రెండే సార్లు. మొదటిది 2023 అక్టోబరు 8న చెన్నై చెపాక్‌లో, రెండవది 2025 అక్టోబరు 12న విశాఖపట్నంలో. లెక్క ప్రకారం టీవీ గురించి చెప్పే అర్హతే నాకు ఎక్కువ. అయితే ఆ రెండు రోజుల తరువాత ఇంట్లో టీవీ చూసే తీరే మారిపోయింది కాబట్టి, ఏది దేనికి పనికివస్తుందో, ఏది ఎక్కడ కళ్లకు గంతలు కడుతుందో రాయదలచాను. నెల్లూరులో ఉండేవాళ్లకు చెపాక్ నాలుగు గంటల దూరంలోపే ఉంది; అయినా అక్కడికి చేరడానికి నాకు 36 ఏళ్లు పట్టింది.

నేను చూసిన మొదటి ప్రపంచ కప్ మ్యాచ్ కూడా చెపాక్‌లో జరిగిందే. 1987 అక్టోబరు 9, శుక్రవారం, భారత్, ఆస్ట్రేలియా. అప్పటికి మా వీధి మొత్తానికి రెండే టీవీలు ఉండేవి. పక్కింట్లో ఉన్నది చెక్క తలుపులున్న బ్లాక్ అండ్ వైట్ పెట్టె. దాని యాంటెన్నా మిద్దె మీద ఉండేది. గాలికి అది పక్కకు తిరిగినప్పుడల్లా ఒకరు మిద్దె ఎక్కి తిప్పాలి, ఇంకొకరు కిటికీ దగ్గర నిలబడి "వచ్చింది, వచ్చింది, పోయింది" అని కేకలు వేయాలి. ఆ రోజు చివరి ఓవర్లలో మిద్దె మీది పని నా వంతుకు వచ్చింది. ఆస్ట్రేలియా 270 పరుగులు చేసింది, మనవాళ్లు 269కి ఆలౌట్ అయ్యారు. స్టీవ్ వా బంతికి మణిందర్ సింగ్ బౌల్డ్ అయినప్పుడు ఇంకా ఒక బంతి మిగిలే ఉంది. నేను యాంటెన్నా గొట్టం పట్టుకుని నిలబడి ఉన్నాను. కింద నుంచి కేక ఏదీ రాకపోవడంతో ఓడిపోయామని అర్థమైంది. డీన్ జోన్స్ కొట్టిన ఒక బంతిని మొదట ఫోరుగా లెక్కించి, ఇన్నింగ్స్ విరామంలో సిక్సరుగా మార్చి, 268ని 270 చేశారన్న సంగతి ఆ తరువాత పత్రికలో చదివాను. ఒక్క పరుగుతో పోయిన మ్యాచ్‌లో ఆ రెండు పరుగుల గురించి మా వీధిలో ఎంత చర్చ జరిగిందో చెప్పనక్కరలేదు.

టీవీ అప్పటి నుంచి ఎంత మారిందో అందరికీ తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. దూరదర్శన్ ప్రసారం ఆగినప్పుడల్లా పడే "రుకావట్ కే లియే ఖేద్ హై" (అంతరాయానికి చింతిస్తున్నాం) అన్న బోర్డును ఆటకంటే ఎక్కువసేపు చూసిన రోజులు పోయాయి. 1996లో కోల్‌కతా సెమీఫైనల్, శ్రీలంక మీద మన స్కోరు 8 వికెట్లకు 120 దగ్గర ఆట ఆగిపోవడం, మా ఇంట్లోనే రంగుల టీవీలో చూశాను. 2003 ఫైనల్‌లో ఆస్ట్రేలియా 2 వికెట్లకు 359 కొడుతుంటే, టీవీ ఎంత స్పష్టంగా ఉంటే బాధ అంత స్పష్టంగా ఉంటుందని తెలిసింది. ఈనాటి టీవీలో బంతి గమనాన్ని గీత గీసి చూపే సాంకేతికత ఉంది, బ్యాట్ అంచుకు బంతి తగిలిందో లేదో చెప్పే శబ్దరేఖ ఉంది, వికెట్ల దగ్గర ఆటగాళ్లు గొణుక్కునే మాటలు వినిపించే మైకు ఉంది. వీటన్నిటికంటే మా ఇంట్లో పెద్ద మార్పు తెచ్చింది తెలుగు వ్యాఖ్యానం. అంతకుముందు స్కోరు మాత్రమే అడిగే మా అమ్మ ఇప్పుడు, మూడో స్లిప్‌ను ఎందుకు తీసేశారని నన్ను నిలదీస్తోంది. ఆ వ్యాఖ్యాతలు ఆట మానేసి పాత కబుర్లలోకి, సినిమా డైలాగుల్లోకి జారిపోయే అలవాటు నాకు నచ్చదు. అమ్మకు అదే నచ్చుతుంది.

టీవీ మీద నా ఫిర్యాదులు రెండు. మొదటిది ప్రకటనలు. ఓవరు ముగిసీ ముగియగానే ప్రకటన పడుతుంది, అది అయ్యేసరికి తరువాతి ఓవరు మొదటి బంతికి బౌలర్ సగం దూరం పరుగెత్తి ఉంటాడు. ఫీల్డింగులో కెప్టెన్ చేసిన మార్పులన్నీ సరిగ్గా ఆ వ్యవధిలోనే జరుగుతాయి. రెండవది ఆలస్యం. మా సందులో ఒక ఇంట్లో కేబుల్, మా ఇంట్లో డిష్, ఎదురింటి కుర్రవాడి చేతిలో మొబైల్ ఉన్నాయి. ముగ్గురమూ చూసేది ఒకే మ్యాచ్ అయినా ముగ్గురికీ ఒకే క్షణంలో కనబడదు. కేబుల్ ఇంట్లో కేక వినిపించినప్పుడు మా తెర మీద బౌలర్ ఇంకా పరుగెత్తుతూ ఉంటాడు. మేము చప్పట్లు కొట్టి కూర్చున్న తరువాత ఎదురింటి కుర్రవాడు వరండాలో గంతులేస్తాడు. 2023 ఫైనల్ రోజు ట్రావిస్ హెడ్ 137 పరుగులు చేస్తుంటే పక్కింటి నుంచి కేకలు రావడమే మానేశాయి కాబట్టి, ఆ ఒక్కరోజు ఈ ఇబ్బంది లేకపోయింది.

ఇక 2023లో చెపాక్‌లో చూసిన భారత్, ఆస్ట్రేలియా మ్యాచ్ సంగతి. టికెట్ సంపాదించడమే ఒక పోటీ. అమ్మకం మొదలైన రోజు ఆన్‌లైన్ వరుసలో గంటల తరబడి నిరీక్షించాను. నా వంతు వచ్చేసరికి అన్నీ అయిపోయాయని తెర మీద కనబడింది. వేళచ్చేరిలో ఉద్యోగం చేసే మా మేనల్లుడికి మాత్రం, ఏ దేవుడు కరుణించాడో, రెండు దొరికాయి. "మామయ్యా, ఒకటి నీకే, కానీ మధ్యలో లేచి పోదామని అనకూడదు" అని షరతు పెట్టాడు. శనివారం సాయంత్రం నెల్లూరులో బస్సెక్కి మాధవరంలో దిగాను. ఆదివారం వేళచ్చేరి నుంచి ఎత్తైన వంతెన మీద నడిచే లోకల్ రైలులో వెళ్తే చెపాక్ స్టేషన్ స్టేడియం వెనకనే ఉంది. రైలు కిటికీ నుంచి కింద కనబడే నల్లటి నీళ్లు బకింగ్‌హాం కాలువవని మా మేనల్లుడు చెప్పినప్పుడు ఆశ్చర్యపోయాను. మా జిల్లాలో సముద్రతీరం వెంట పోయే ఆ కాలువే నాకంటే ముందు ఎప్పుడో చెపాక్ చేరుకుంది.

స్టాండులో కూర్చున్న మొదటి అరగంటలో నాకు అర్థమైనది వేడి. 2011 మార్చి 20న ఇదే మైదానంలో వెస్టిండీస్ మీద యువరాజ్ సింగ్ మధ్యలో వాంతులు చేసుకుంటూ 113 పరుగులు చేయడాన్ని ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని చూశాను. పాపం, ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను తప్ప, ఆ మైదానంలో గాలి ఎలా ఉంటుందో ఊహించలేదు. రెండు గంటలకు ఆట మొదలయ్యే సరికి చొక్కా వీపుకు అంటుకుపోయింది. నెల్లూరు ఎండను అనుభవించినవాడినే అయినా, కదలకుండా కూర్చుని, ముందు వెనక వేలమంది ఊపిరి తగులుతుండగా చెమట పట్టడం వేరు. సముద్రం దగ్గరలోనే ఉందన్న మాట చీకటి పడిన తరువాత గాలి తిరిగితే గాని నమ్మబుద్ధి కాలేదు.

మా సీట్లు పిచ్‌కు పక్కవైపున, పై అంచెలో ఉన్నాయి. అక్కడి నుంచి బంతి ఎంత తిరిగిందో తెలియదు. జడేజా బంతికి స్టీవ్ స్మిత్ బౌల్డ్ అయినప్పుడు నాకు కనిపించింది వికెట్ల మీద బెయిల్స్ ఎర్రగా వెలగడం, వెంటనే స్టేడియమంతా లేచి నిలబడటం మాత్రమే. ఆ బంతి బ్యాట్‌ను దాటి ఆఫ్ స్టంప్‌ను తాకిన అందం మరునాడు ఇంట్లో హైలైట్స్‌లో చూశాను. కానీ టీవీ ఎన్నడూ చూపించనిది ఒకటి అక్కడ కనబడింది. మన స్పిన్నర్లు వేస్తున్నంతసేపు మన ఫీల్డర్లు ఒక్కొక్క బంతికి రెండడుగులు ముందుకు, రెండడుగులు పక్కకు జరుగుతూ, బ్యాటర్ చుట్టూ వల దగ్గరకు లాగినట్టు లాగారు. 46 పరుగులు చేసిన స్మిత్‌కు ఒంటి పరుగు తీయడానికి కూడా సందు దొరకకపోవడం పై నుంచి చూస్తే బోర్డు మీద గీసి చెప్పినంత తేటగా ఉంది. టీవీలో బంతి కనబడుతుంది. ఆ బంతి వేయకముందు జరిగిన పని కనబడదు. ఆస్ట్రేలియా 199కి ముగిసేటప్పటికి ఆ స్కోరు ఎలా తయారైందో నాకు మొట్టమొదటిసారి వ్యాఖ్యాత సాయం లేకుండా తెలిసింది.

తరువాత మన బ్యాటింగ్. ఇషాన్ కిషన్, రోహిత్ శర్మ, శ్రేయస్ అయ్యర్ ముగ్గురూ సున్నాకే వెళ్లిపోయి స్కోరు 3 వికెట్లకు 2 అయినప్పుడు అంతమంది ఉన్నచోట అంత నిశ్శబ్దం ఉండగలదని తెలిసింది. టీవీలో నిశ్శబ్దాన్ని వ్యాఖ్యాతలు నింపేస్తారు. అక్కడ మా వెనక వరుసలో ఎవరో పాప్‌కార్న్ పొట్లం నలిపిన చప్పుడు వినిపించింది. కోహ్లీ తన స్కోరు 12 దగ్గర ఉన్నప్పుడు కొట్టిన బంతి గాలిలోకి లేచింది. మార్ష్ దాని కిందికి పరుగెత్తుతున్నప్పుడు నా పక్కనున్న తమిళ పెద్దాయన నా మోచేయి గట్టిగా పట్టుకున్నారు. క్యాచ్ జారిపోయింది. ఆయన వదలలేదు, మరో రెండు బంతుల తరువాత చూసుకుని, నవ్వి, తమిళంలో ఏదో అన్నారు. కోహ్లీ 85, రాహుల్ 97 నాటౌట్, ఆరు వికెట్ల తేడాతో మన గెలుపు. చివరి సిక్సరు కొట్టి రాహుల్ పిచ్ మీదే చతికిలబడ్డాడు. కాలు పట్టేసిందేమోనని నేను, అలసిపోయాడని మా మేనల్లుడు తీర్మానించుకున్నాం. అర్ధరాత్రి దాటాక బస్సెక్కి తెల్లవారుజామున ఇల్లు చేరితే, అమ్మ తలుపు తీస్తూనే, అతను ముందు ఫోరు, తరువాత సిక్సరు కొట్టి వంద చేయాలనుకున్నాడని, అది నేరుగా సిక్సరైపోయిందని, యాభై ఓవర్లు కీపింగ్ చేసి అప్పుడే స్నానం చేసి వచ్చినవాడు అరగంటైనా కూర్చోకముందే బ్యాటింగ్‌కు రావలసివచ్చిందని వరసపెట్టి చెప్పింది. మైదానంలో ఉన్న నాకు తెలియని సంగతి, ఇంట్లో ఉన్న అమ్మకు తెలుసు.

విశాఖకు మా అమ్మాయిని తీసుకువెళ్లాను. మహిళల ప్రపంచ కప్, ఇక్కడా ప్రత్యర్థి ఆస్ట్రేలియాయే. మనవాళ్లు 330 చేస్తే, హీలీ 142 పరుగులతో ఆస్ట్రేలియా ఒక ఓవరు మిగిలి ఉండగానే ఆ లక్ష్యాన్ని దాటేసింది. ఓడిపోయినా ఆ రోజు నాకు చెపాక్ కంటే దగ్గరగా అనిపించింది, ఎందుకంటే చుట్టూ వినిపించినది తెలుగు. కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి బంతి అందుకున్నప్పుడల్లా మా ముందు వరుసలోని ఆడపిల్లలు "చరణీ, వెయ్యమ్మా" అని అరిచారు. ఆమె మూడు వికెట్లు తీసింది. ఈసారి సీట్లు బౌలర్ చేతికి ఎదురుగా ఉన్నాయి కాబట్టి బంతి తిరగడం కూడా కొంత కనబడింది. ఆ తరువాత నవంబరు 2న మనవాళ్లు దక్షిణాఫ్రికాను ఓడించి కప్పు గెలిచినప్పుడు మళ్లీ ఇంట్లోనే, టీవీ ముందే ఉన్నాను.

ఇప్పుడు ఇంట్లో చూసేటప్పుడు స్పిన్నర్ల ఓవర్లలో శబ్దం తగ్గించి, తెర మీద దూరం నుంచి మైదానం కనబడిన ప్రతిసారీ ఫీల్డర్లను లెక్కపెడుతున్నాను. అమ్మ విసుక్కుంటోంది. ఖర్చు సంగతి చెప్పాలంటే, చెన్నైకి టికెట్టు, రానుపోను, తిండి కలిపి నాకు ఒక్కడికి దాదాపు 4,500 రూపాయలు అయ్యాయి. ఆ డబ్బుతో మా ఇంట్లో ఏడాదికి పైగా డిష్ నడుస్తుంది. కాబట్టి కప్పు మొత్తం టీవీలో చూడండి, లీగ్ దశలో దగ్గరలో జరిగే ఒక్క మ్యాచ్‌కు మాత్రం వెళ్లండి. ఫైనల్‌కు టికెట్టు కోసం తాపత్రయపడవద్దు, అక్కడ గుండె ఆటను చూడనివ్వదు. మధ్యాహ్నం మొదలయ్యే మ్యాచ్ అయితే ముందుగా నీడ పడే పడమటి వైపు స్టాండు, దొరికితే బౌలర్ చేతికి ఎదురుగా పై అంచెలో సీటు తీసుకోండి. ఒక చేతిరుమాలు చాలదు, రెండు పట్టుకెళ్లండి.