తిరుపతి గుండుతో వయసు పరీక్షకి వెళ్తే: ఒక వయసు తనిఖీ సేవ మీద రివ్యూ

ఐదుకి రెండు నక్షత్రాలు. ఒకటి పేజీ త్వరగా తెరుచుకున్నందుకు, ఇంకోటి మా ఇంట్లోవాళ్ళని కాసేపు నవ్వించినందుకు.

కంపెనీ పేరు రాయడం లేదు. సైటుకో కంపెనీ ఉంది గానీ తెర మీద కనిపించేది మాత్రం ఒకటే: ఒక గుండ్రటి గీత, 'మీ మొహం ఇందులో పెట్టండి' అన్న మాట. నేనుండేది ఇంగ్లండులో, రీడింగ్‌లో. వయసు 46. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను, అంటే ఒకళ్ళు కట్టినదాంట్లో తప్పులు వెతకడమే నాకు కూడు పెడుతోంది. అందుకని కాస్త చాదస్తం ఉంటుంది, భరించండి.

ముందు నాకు దీనితో ఏం పనిపడిందో చెప్పాలి. మా బంధువుల్లో ఒకరు తాగుడు మానాలని చూస్తున్నారు. ఎవరో చెప్పను. వాళ్ళతో ఎలా మాట్లాడాలో తెలియక రెండేళ్ళుగా రాత్రి పదకొండు దాటాక ఒక పెద్ద సైటులో తాగుడు మానేవాళ్ళ గుంపు చదువుతున్నాను, అప్పుడప్పుడూ రాస్తున్నాను. అక్కడ నా పేరు ఎవరికీ తెలియదు. నాకు కావలసిందీ అదే. ఇదే మాట మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో అంటే తెల్లారేసరికి స్లౌ ఊరి దాకా పాకుతుంది.

మొన్న వేసవి సెలవులకి ఇండియా వెళ్ళాం. తిరుమలలో మొక్కు తీర్చుకున్నాను, జుట్టూ మీసమూ రెండూ ఇచ్చేశాను. అక్కడున్నన్నాళ్ళూ ఆ గుంపు మామూలుగానే తెరుచుకుంది. లండన్ హీత్రోలో దిగిన రాత్రి తెరవబోతే తలుపు వేసి ఉంది. వయసు రుజువు చేసుకోమంది.

మొదట మొహం. వెలుతురు చాలదంది. వంటింట్లో ట్యూబులైటు కిందికి వెళ్ళాను. కళ్ళజోడు తియ్యమంది. తీశాక తెర మీద ఏం రాసిందో నాకు కనపడదు కదా! మూడుసార్లయ్యాక 'మీ వయసు నిర్ధారించలేకపోయాం' అంది. సరే, డ్రైవింగ్ లైసెన్స్ పంపాను. అందులో నేను దట్టమైన జుట్టుతో, బారు మీసంతో ఉన్నాను. 'రెండు మొహాలూ సరిపోలలేదు' అని తేల్చింది. మా ఆవిడ 'దేవుడికిచ్చినవి వీళ్ళకెక్కణ్ణుంచి తెస్తారు' అని ఒకటే నవ్వు. సపోర్టుకి మెయిల్ పెడితే రెండు రోజులకి జవాబొచ్చింది: కార్డులోని ఫొటోకి దగ్గరగా కనిపించేలా మళ్ళీ తీసి పంపండి, అని.

అదే వారం సూపర్‌మార్కెట్‌లో అతిథుల కోసం వైన్ సీసా కొన్నాను. సెల్ఫ్ చెకౌట్ దగ్గర ఎర్రలైటు వెలిగింది. పాతికేళ్ళ లోపు కనిపిస్తే కార్డు అడగాలని ఇక్కడి కొట్లలో పద్ధతి. ఆ అమ్మాయి నా గుండు వంక ఒక్కసారి చూసి బటన్ నొక్కి వెళ్ళిపోయింది. రెండు సెకన్లు. నా పేరు అడగలేదు, ఫొటో దాచుకోలేదు, ఈపాటికి నన్ను మర్చిపోయి కూడా ఉంటుంది. మందు కొనడానికి రెండు సెకన్లు, మానడం గురించి చదవడానికి లైసెన్సు!

ఈ తనిఖీలన్నీ బ్రిటన్‌లో 2023లో వచ్చిన ఆన్‌లైన్ సేఫ్టీ చట్టం కింద, 2025 జులై 25 నుంచి. చట్టం ఎందుకొచ్చిందో తెలియనివాణ్ణి కాను. మోలీ రస్సెల్ అనే పిల్ల పద్నాలుగేళ్ళకి, 2017లో ప్రాణం తీసుకుంది. ఆన్‌లైన్‌లో ఆమె చూసినవి కూడా ఆ చావుకి తోడయ్యాయని 2022లో కరోనర్, అంటే ఇక్కడ మరణాల మీద విచారణ చేసే అధికారి, తేల్చారు. మా వాడికిప్పుడు అదే వయసు. ఆ వార్త చదివిన రాత్రి నేను వాడి గది తలుపు దగ్గర కాసేపు నిలబడ్డాను. అలాంటివి పిల్లలకి చూపించి డబ్బు చేసుకునేవాళ్ళ మెడలు వంచాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు.

కానీ తాగుడు మానేవాళ్ళని బయట నిలబెట్టమని చట్టంలో ఎక్కడా లేదు. హానికరమైన పదార్థాలు తీసుకోమని ఉసిగొల్పే రాతల నుంచి పిల్లల్ని కాపాడమని ఉంది. తప్పితే జరిమానా కోటీ 80 లక్షల పౌండ్లు గానీ, ప్రపంచవ్యాప్త టర్నోవరులో 10 శాతం గానీ, ఏది ఎక్కువైతే అంత దాకా. అంత కత్తి నెత్తిన వేలాడుతుంటే ఏ కంపెనీ కూర్చుని ఉసిగొల్పే మాటేదో ఊరడించే మాటేదో వేరు చేస్తుంది? అంతా కలిపి ఒకటే తాళం వేస్తుంది. ఎలుకల బాధకి ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు.

మరి పిల్లలు ఆగారా అంటే, మా వాడు నా అవస్థ చూసి, 'నాన్నా, వీపీఎన్ పెట్టుకో, నార్వేలో ఉన్నట్టు చూపిస్తుంది' అన్నాడు. నీకెలా తెలుసురా అంటే, 'క్లాసులో అందరికీ తెలుసు' అన్నాడు. అబద్ధం కాదు. చట్టం అమల్లోకొచ్చిన మొదటి రోజుల్లో ఇక్కడ ఎక్కువగా డౌన్‌లోడ్ అయిన యాప్‌లలో వీపీఎన్‌లు పైకెక్కాయి. వీపీఎన్ నడిపే ప్రోటాన్ వాళ్ళయితే తమ సైనప్‌లు 1,400 శాతానికి పైగా పెరిగాయన్నారు. ఒక వీడియో గేములోని పాత్ర మొహాన్ని కెమెరాకి చూపించి దాటినవాళ్ళు కూడా ఉన్నారు. కంప్యూటర్‌లో గీసిన బొమ్మ మేజర్ అయిపోయింది, నేను కాలేదు.

ఈ చట్టం ఎత్తేయమని పార్లమెంటు పిటిషన్ ఒకటి నడిచింది. కొన్ని రోజుల్లోనే ఐదు లక్షల సంతకాలు దాటాయి. ఎత్తేసే ఆలోచన లేదని ప్రభుత్వం జవాబిచ్చింది. అప్పటి టెక్నాలజీ మంత్రి పీటర్ కైల్ అయితే, ఈ చట్టం వద్దనేవాళ్ళు పిల్లల్ని వేటాడేవాళ్ళ పక్షమే అన్నట్టు మాట్లాడారు. అప్పటిదాకా నేను సంతకం పెట్టలేదు. ఆ మాట చదివాక పెట్టాను. తాళం సరిగ్గా లేదన్నవాణ్ణి దొంగల జట్టులో కలిపేస్తే ఇంక తాళం గురించి ఎవరు నోరు విప్పుతారు?

కంపెనీ వాళ్ళు మళ్ళీ మెయిల్ పెట్టారు, నా ఫొటోలు చెరిపేశామని. నమ్మాలనే ఉంది. కానీ 2025 అక్టోబరులో డిస్కార్డ్ అనే చాటింగ్ యాప్ ఒక ప్రకటన చేసింది: బయటి సంస్థ ఒకదాని దగ్గర నుంచి దాదాపు 70,000 మంది గుర్తింపు కార్డుల ఫొటోలు బయటికి పోయి ఉండొచ్చని. వయసు విషయంలో అప్పీలు చేసుకుంటూ పంపిన కార్డులట. నా లైసెన్సు దారీ అలాంటిదే కదా అనిపించింది. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం. మొహం పోతే, ప్రతిసారీ తిరుమల వెళ్ళలేం.

మొన్న ఆదివారం ఆ బంధువు ఫోన్ చేశారు. 'ఇవాళ్టికి 41' అన్నారు, అంతే. నేనూ ఏమీ అనలేకపోయాను. ఆ రాత్రి గుంపులో చెప్పుకుందామని తెరిచాను. ఇప్పుడు జుట్టు అంగుళం పెరిగింది, మీసం కూడా వచ్చింది, ఈసారి పాసవుతానేమో. గుండ్రటి గీత వచ్చింది. అందులో నా మొహం చూసుకున్నాను. ఈ మొహం పక్కన ఆ మాట రాయాలా అనిపించి ల్యాప్‌టాప్‌లో ఆ పేజీ మూసేశాను. రాయాలనుకున్న నాలుగు వాక్యాలూ నోట్‌ప్యాడ్‌లో రాసి సేవ్ చేశాను. ఫైలు పేరు 41.