పాత నూనె మరకకు ఏది మేలు? గిన్నెల లిక్విడా, కుంకుడు రసమా, డ్రై క్లీనింగా?

పోయిన కార్తీకంలో దీపాలు పెడుతుంటే ప్రమిద ఒరిగి నా గద్వాల చీర మీద నువ్వుల నూనె పడింది. ఆ హడావుడిలో చూసుకోలేదు, మడతపెట్టి బీరువాలో పెట్టేశాను. సంక్రాంతికి తీస్తే అరచేయంత మరక, సగం చీర మీద, సగం అంచు మీద. గద్వాల చీర కట్టేవాళ్లకు ఈ చిక్కు తెలుస్తుంది. ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. నూలుకు పనికొచ్చే మందు పట్టును పాడుచేస్తుంది. ఆ చీర కోసమే ఇవన్నీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూశాను.

అందరూ చెప్పే పౌడర్, శనగపిండి చిట్కాలు నూనె పడిన గంటలోపు అయితే సరే. తడిగా ఉన్న నూనెను అవి పీల్చుకుంటాయి. నెలలు గడిచాక పీల్చడానికి ఏమీ ఉండదు. మూకుడు అంచున గోధుమరంగు బంక గట్టిగా పట్టుకుని ఉంటుంది చూడండి, బట్టలోనూ జరిగేది అదే. నూనెకు గాలి తగిలి నెమ్మదిగా బంకలా మారుతుంది. పొద్దుతిరుగుడు నూనె తొందరగా ఇలా అవుతుంది, కొబ్బరినూనె దాదాపు అవ్వదు. అందుకే తలకు రాసుకున్న కొబ్బరినూనె మరక పాతదైనా వదులుతుంది, పూరీలు వేయించినప్పుడు చిందిన మరక మొండికేస్తుంది. ఇస్త్రీ వేడి తగిలితే మరీ కష్టం.

నూలు బట్టలకు, రోజూ కట్టుకునేవాటికి, నా ఓటు గిన్నెలు తోమే లిక్విడ్‌కే. మరకను ముందు తడపకూడదు, అందరూ చేసే పొరపాటు ఇదే. పొడి బట్ట మీదే నాలుగు చుక్కలు వేసి, పాత టూత్ బ్రష్‌తో రెండు వైపులా మెల్లగా రుద్ది, అరగంట వదిలేయాలి. బంక మరీ గట్టిగా ఉంటే అంతకంటే ముందు రెండు చుక్కల కొబ్బరినూనె రాసి ఓ పావుగంట ఉంచండి. మరక మీద మళ్లీ నూనె ఏమిటని నేనూ భయపడ్డాను, కానీ పాత జిడ్డును కొత్త నూనె మెత్తబరుస్తుంది, ఆ తర్వాత లిక్విడ్ రెండింటినీ లాక్కొస్తుంది. చివర్లో, రంగు పోని నూలు అయితే, అర బకెట్ వేడి నీళ్లలో రెండు చెంచాల చాకలి సోడా కలిపి గంటసేపు నానబెట్టి ఉతకాలి. చేతులకు గ్లవ్స్ వేసుకోండి. పాలిస్టర్ నూనెను నూలు కంటే గట్టిగా పట్టుకుంటుంది, దానికి గోరువెచ్చని నీళ్లే వాడి, ఇదంతా రెండు మూడుసార్లు చేయాల్సి వస్తుంది.

మరక పోయిందో లేదో తడి మీద తెలియదు. నీడలో ఆరేసి చూడండి. పోలేదంటే మళ్లీ మొదటి నుంచి, అంతేగానీ ఇస్త్రీ మాత్రం చేయకండి.

పట్టుకు చాకలి సోడా వద్దు. పట్టు కూడా మన వెంట్రుకల్లాంటి ప్రోటీనే, సోడా క్షారానికి గరుకుగా మారి మెరుపు పోతుంది. ఎంజైమ్స్ ఉన్న డిటర్జెంట్లలో ప్రోటీన్‌ను కొరికేవి కూడా ఉంటాయి, అవీ వద్దు. ఇక్కడే కుంకుడుకాయ గొప్పది. గింజలు తీసి గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, పిసికి, పలుచని గుడ్డలో రెండుసార్లు వడకట్టాలి. ఆ నురగ జిడ్డును పట్టుకుంటుంది, పట్టును బాధించదు. కానీ ఉన్నమాట చెప్పాలి: అది నెమ్మదైన మందు. లేత మరకకు చాలు, బంకగా మారినదానికి చాలదు. లేత రంగుల మీద రసం ఛాయ మిగలొచ్చు, లోపలి మూల మీద ముందు పరీక్షించుకోండి.

జరీ ఉండి, మరక పాతదైతే డ్రై క్లీనింగే మేలు. నీళ్లు కాకుండా నూనెను కరిగించే ద్రావకం వాడతారు కాబట్టి రంగు, జరీ నిలుస్తాయి. ఇంట్లో అదే పని కిరోసిన్‌తోనో పెట్రోల్‌తోనో చేద్దామనుకోవద్దు, నిప్పంటుకునే ప్రమాదం. షాపులో ఇచ్చేటప్పుడు ఏ నూనె, ఎన్నాళ్లయిందో చెప్పండి. మరక చుట్టూ తెల్లదారంతో వదులుగా నాలుగు కుట్లు వేసి ఇవ్వండి, లేకపోతే వాళ్ల కంటపడదు. మరక పోయిందని చూశాకే ఇస్త్రీ చేయమని మరీ మరీ చెప్పండి.

ఆవకాయ మరక వేరే కథ. నూనె లిక్విడ్‌తో పోతుంది, పసుపు మాత్రం సబ్బు తగలగానే ఎర్రబడుతుంది. కంగారుపడకండి. నూనె పూర్తిగా పోయాక తెల్ల నూలు బట్టను రెండు రోజులు మంచి ఎండలో వేస్తే పసుపు వెలిసిపోతుంది.

నా చీరను డ్రై క్లీనింగ్‌కే ఇచ్చాను. అంచు శుభ్రమైంది, నూలు వైపు పలుచని నీడ మిగిలింది. అక్కడ ఒక్క చుక్క లిక్విడ్, అంచుకు తగలకుండా గుడ్డ అడ్డం పెట్టి, దూదితో అద్ది తుడిచాను. మూడోసారికి పోయింది.