చెరువు గట్టు మీద లూవా 5.4: మూడు పంటలు వాడాక

భీమవరం వైపు రొయ్యల చెరువుల మీద ఎయిరేటర్లను నడిపే పెట్టెలో లూవా 5.4 అనే చిన్న ప్రోగ్రామింగ్ భాష మూడు పంటలుగా నడుస్తోంది. నీళ్లలో ఆక్సిజన్ అడుగంటేది తెల్లవారుజామునే కాబట్టి రాత్రంతా ఆగకూడదు. వేగానికీ సైజుకీ వంక పెట్టలేం. తంటా అంతా వాడేసిన ఆబ్జెక్టులను సర్దే దగ్గరే.

లూవా వాడుతున్న మెమరీని చెప్పే కలెక్ట్‌గార్బేజ్ కౌంట్ 90 కేబీ దగ్గర కదలదు, బోర్డు మెమరీ మాత్రం గంటగంటకీ కరిగిపోతుంది. ప్రోబ్ (నీళ్లలో పెట్టే సెన్సర్) రీడింగుల కోసం సీ భాష వైపు మాలాక్‌తో 64 కేబీ బఫర్ తీసుకుంటే, లూవాకు కనిపించేది పాయింటరున్న చిన్న యూజర్‌డేటా (సీ డేటాను లూవాలో పట్టుకునే ఆబ్జెక్టు) మాత్రమే. బఫర్, వాడేసిన మెమరీని ఏరే గార్బేజ్ కలెక్టర్ లెక్కలోకే రాదు, అందుకే కలెక్టర్ తొందరపడదు. బఫర్‌ని యూజర్‌డేటా లోపలే కేటాయిస్తే తీరిపోతుంది.

రెండోది మరీ మొండిది. మెటాటేబుల్ (ఆబ్జెక్టు ఎలా నడుచుకోవాలో చెప్పే టేబుల్) తగిలించే సమయానికే అందులో __జీసీ, అంటే ఆబ్జెక్టును కలెక్టర్ ఏరేటప్పుడు నడిచే ఫైనలైజర్, ఉండాలి. తర్వాత చేరిస్తే ఎర్రర్ రాదు, ఫైనలైజర్ ఎప్పటికీ నడవదు. ముందే అక్కడ ట్రూ పెట్టి, తర్వాత ఫంక్షన్‌తో మార్చుకోవచ్చు. పైగా __జీసీలో ఎర్రర్ వస్తే 5.4 దాన్ని వార్నింగ్‌గా మారుస్తుంది, వార్నింగులేమో మామూలుగా ఆపేసే ఉంటాయి. వార్న్‌కి "@ఆన్" ఇవ్వకుండా డీబగ్గింగ్ మొదలెట్టడం దండగ.

ఆబ్జెక్టులను వదలకుండా ఎవరు పట్టుకుని కూర్చున్నారో తేలాలంటే: తెరిచిన ప్రతి హ్యాండిల్‌నీ వీక్ కీ టేబుల్లో (కీలను బతికించి ఉంచని టేబుల్) వేసి, విలువగా ట్రేస్‌బ్యాక్ స్ట్రింగ్ (కోడ్‌లో ఎక్కడ తెరిచారో చూపేది) పెట్టండి. ఫుల్ కలెక్షన్ రెండుసార్లు నడిపాక మిగిలినవి చూడండి. ఒక్కసారి చాలదు: ఫైనలైజర్ ఉన్న ఆబ్జెక్టు వీక్ కీ నుంచి పోయేది ఫైనలైజర్ నడిచిన తర్వాతి చక్రంలోనే. మాకు మిగిలినవన్నీ కాల్‌బ్యాక్‌లే (తర్వాత పిలవడానికి అప్పగించిన ఫంక్షన్లు). లూవాఎల్_రెఫ్‌తో రిజిస్ట్రీలో (సీ కోడ్ కోసం లూవా ఉంచే టేబుల్) పెట్టి, అన్‌రెఫ్ మరిచిపోయినవి.

పెట్టె ఆపేటప్పుడు లూవా_క్లోజ్ ఫైనలైజర్లను, మెటాటేబుల్ తగిలించి ఆబ్జెక్టులను గుర్తుపెట్టిన క్రమానికి తలకిందులుగా పిలుస్తుంది. సీరియల్ పోర్టును ముందు, ప్రోబ్‌ను తర్వాత తెరిస్తే మూసేటప్పుడు ప్రోబే ముందు పోతుంది.

పోర్టులకైతే మేం __జీసీని నమ్మడం మానేశాం. మెటాటేబుల్లో __క్లోజ్ రాసి, లోకల్ పేరు పక్కన <క్లోజ్> పెడితే, ఎర్రర్‌తో బయటకొచ్చినా మూసుకుంటుంది. ఒక్క మెలిక: యీల్డ్ చేసి (మధ్యలో ఆగి) మళ్లీ రిజ్యూమ్ చేయని కోరూటీన్‌లో (ఆగి, మళ్లీ కొనసాగగల కోడ్) అది మూసుకోదు. కోరూటీన్.క్లోజ్ మీరే పిలవాలి.